బెండ్ పైపు వేడికి ర్యాప్ చుట్టాలా, సిరామిక్ పూత వేయించాలా? వైజాగ్ బళ్లకు ఎలా తేల్చుకోవాలి

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "హనుమంతవాక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే కుడి పిక్క కాలిపోతోంది. పైపుకి ర్యాప్ చుట్టించనా, సిరామిక్ చేయించనా?" ఎంవీపీ కాలనీ కుర్రాళ్లు అడుగుతారు, గాజువాక వైపు షిఫ్టు డ్యూటీలకు వెళ్లేవాళ్లు అడుగుతారు. అరకు ఘాట్ ఎక్కి వచ్చినవాళ్లయితే కాలిన మచ్చ చూపించి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. బెండ్ పైపు అంటే బైకు ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వంగి వచ్చే పొగ గొట్టం. ర్యాప్ అంటే దాని మీద చుట్టే, వేడి తట్టుకునే నేత పట్టీ. సిరామిక్ పూత అంటే దాని మీద కొట్టే, వేడిని అడ్డుకునే సన్నటి పొర.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ ఇల్లు సముద్రానికి దగ్గరైతే, బండికి మామూలు ఇనుప పైపు ఉంటే, రోజూ వానలో కూడా తోలేవారైతే ర్యాప్ చుట్టకండి. పూత వేయించండి, లేదా ఒక హీట్ షీల్డ్ (పైపుకి కాస్త ఎడంగా ఉండే రేకు అడ్డు) బిగించండి. ర్యాప్ చెడ్డ వస్తువని కాదు. వేడి ఆపడంలో పూత కంటే అదే మెరుగు. కానీ అది గుడ్డ. నీళ్లు పీల్చుకుంటుంది. మన ఊళ్లో ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. బండి వేడెక్కగానే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం గుడ్డకీ పైపుకీ మధ్య ఉండిపోతుంది. మర్నాడు మళ్లీ తేమ, మళ్లీ ఆవిరి. ఉప్పుమడిలో జరిగేదే మీ పైపు మీదా జరుగుతుంది.

నా పాత బండికి నేనే ర్యాప్ చుట్టాను. అప్పుడు మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, బండి రాత్రంతా ఆరుబయటే. రెండు వానాకాలాలు గడిచాక ప్యాకింగ్ (పైపు ఇంజిన్‌కి కలిసేచోట గ్యాస్ బయటికి రాకుండా పెట్టే రింగు) మార్చడానికి విప్పితే, తుప్పు అప్పడాల్లా ఊడి వచ్చింది. కింది వంపు దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. పైన చూస్తే మాత్రం ర్యాప్ చక్కగా, బిగువుగా ఉంది. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

ఏమేం కావాలి

తేల్చుకోవడానికి: ఒక చిన్న అయస్కాంతం, వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్, హై టెంపరేచర్ మ్యాట్ నలుపు పెయింటు కొంచెం, నోట్‌బుక్. పిక్క దగ్గర గాలి కొలవడానికి వేడి చూసే ప్రోబ్ ఉన్న మల్టీమీటర్ కూడా కావాలి. గన్ లేకపోతే అదొక్కటే సరిపోతుంది.

ర్యాప్ చుట్టడానికి: ర్యాప్ రోలు, స్టెయిన్‌లెస్ స్టీల్ టైలు, బకెట్ నీళ్లు, వైర్ బ్రష్, ఎమరీ కాగితం, థిన్నర్, కత్తెర, కొత్త ఎగ్జాస్ట్ ప్యాకింగ్. చేతి గ్లవ్స్, ఎన్95 మాస్కు, కళ్లజోడు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి.

పూత ఇంట్లో చేసుకునే పని కాదు. దానికి కావాల్సింది మంచి షాపు, సరైన ప్రశ్నలు. అవి కింద రాశాను.

ముందు తేల్చుకోండి

1. వేడి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతోందని ర్యాప్ చుట్టించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ర్యాప్ గానీ పూత గానీ ఇంజిన్‌ని చల్లబరచవు. పైపు వేడి మీ కాలికీ పక్కనున్న భాగాలకీ తగలకుండా చేస్తాయి, అంతే. టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంటే కూలెంట్, రేడియేటర్‌లో దుమ్ము, ఆయిల్ మట్టం, ఫ్యాన్ చూపించండి. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా వెళ్తోందేమో చూడమనండి.

పైపు ఇంజిన్‌కి కలిసేచోట ప్యాకింగ్ కూడా చూడండి. స్టార్ట్ చేయగానే టక్ టక్ మని చప్పుడు వచ్చి, అక్కడ నల్ల మసి కనిపిస్తే ప్యాకింగ్ పోయినట్టే. ఆ సందులోంచి వచ్చే గ్యాసే కాలికి తగులుతూ ఉండొచ్చు. ప్యాకింగ్ మార్చాక సమస్య సగం తీరిపోయినవాళ్లను చూశాను.

2. పైపు దేనితో చేశారో తెలుసుకోండి. అయస్కాంతం అంటుకోకపోతే అది దాదాపుగా 304 రకం స్టెయిన్‌లెస్. అంటుకుంటే వెంటనే మామూలు ఇనుము అనుకోకండి. కంపెనీ సైలెన్సర్లలో వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కి కూడా అయస్కాంతం అంటుకుంటుంది. అప్పుడు తుప్పు తీరు చూడాలి. 409 పైన పైనే గోధుమ రంగుకు తిరుగుతుంది, రుద్దితే కింద లోహం గట్టిగా ఉంటుంది. మామూలు ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. పాత బుల్లెట్ బళ్లకు తళతళలాడే క్రోమ్ కింద ఉండేది మామూలు ఇనుమే. మెరుపు చూసి మోసపోవద్దు.

3. బండి ఎక్కడ ఉంటుందో నిజాయితీగా ఆలోచించండి. పెదవాల్తేరు, ఆర్‌కే బీచ్, ఋషికొండ, భీమిలి రోడ్డు వైపు బయటే పార్క్ చేస్తే పైపు మీద ఉప్పు పడుతూనే ఉంటుంది. లోపలికి, కొత్తవలస వైపు షెడ్డులో పెట్టేవారికి ఇబ్బంది తక్కువ.

4. ఇప్పుడున్న వేడిని కొలిచి రాసి పెట్టుకోండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. తర్వాత "తగ్గినట్టే ఉందన్నా" అంటారు, ఎంత తగ్గిందంటే చెప్పలేరు. ఎలా కొలవాలో చివర రాశాను. చుట్టకముందే ఆ భాగం ఒకసారి చదవండి.

5. ఇక నిర్ణయం.

మామూలు ఇనుము, రోజువారీ బండి, బీచ్‌కి దగ్గర: పూత. ఖర్చు భరించలేకపోతే హీట్ షీల్డ్.

స్టెయిన్‌లెస్ పైపు, ఏడాదికోసారి విప్పి చూసే ఓపిక, అరకు, లంబసింగి లాంటి ఘాట్ రోడ్లు ఎక్కువ: ర్యాప్ చుట్టుకోవచ్చు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో సెకండ్ గేరులో, ఇద్దరితో, లగేజీతో మెల్లగా ఎక్కుతున్నప్పుడు ర్యాప్ చేసే మేలు బాగా తెలుస్తుంది. అయితే స్టెయిన్‌లెస్‌ని కూడా ఉప్పు సన్నటి గుంటలుగా తినేస్తుంది. ఓపిక లేకపోతే దీనికీ పూతే మంచిది.

వారంటీలో ఉన్న కొత్త బండి: ఏదీ చేయకండి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడిగి, చెప్పింది కాగితం మీద రాయించుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బళ్లకు పైపులో కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం), ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. కన్వర్టర్ మీద ర్యాప్ అసలు చుట్టకూడదు. అది తనంతట తానే బాగా వేడెక్కుతుంది. పైన దుప్పటి కప్పితే లోపలి తేనెపట్టు లాంటి భాగం దెబ్బతింటుంది.

ఆయిల్ లీకున్న బండి: లీకు బాగుచేశాకే ర్యాప్ మాట. ఆయిల్ పీల్చిన ర్యాప్ దీపం వత్తితో సమానం. అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది.

హీట్ షీల్డ్ గురించి ఒక్క మాట. పేరు గొప్పగా లేదని దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ కాలు కాలడం ఒక్కటే మీ బాధ అయితే ఇదే చాలు. పైపుకీ రేకుకీ మధ్య ఒక సెంటీమీటరు గాలి సందు ఉండేలా, కాలు తగిలేచోట మాత్రమే స్టెయిన్‌లెస్ రేకు వంచి, రెండు క్లాంపులతో బిగిస్తారు. వేడిని ఆపేది ఆ సందులోని గాలే, అందుకే రేకుని పైపుకి ఆనించి బిగిస్తే లాభం లేదు. ఆటోనగర్‌లో రేకు పని చేసేవారికి అట్ట ముక్కతో నమూనా కత్తిరించి ఇస్తే చేసిపెడతారు. నీళ్లు నిలవవు, ఎప్పుడంటే అప్పుడు విప్పి చూడొచ్చు.

ర్యాప్ చుట్టాలనుకుంటే

6. సరైన రోలు కొనండి. గ్లాస్ ఫైబర్ రకం సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది, మామూలు బండికి చాలు. 'టైటానియం' అని అమ్మేది నిజానికి లావా రాయి నుంచి తీసిన నారతో నేసింది, 900 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. రాగి, బంగారు రంగు చూసి అదే అనుకోకండి. రంగు వేసిన గ్లాస్ ఫైబర్ కూడా అలాగే కనిపిస్తుంది. ప్యాకెట్ మీద డిగ్రీలు చదవండి. బైకు వంపులకు 1 అంగుళం లేదా 2 అంగుళాల వెడల్పు సరిపోతుంది. వంపు బిగుతుగా ఉంటే 1 అంగుళమే మంచిది.

ఎంత పొడవు కావాలో ఒక లెక్క. పైపు అడ్డుకొలత (వ్యాసం) 38 మిల్లీమీటర్లు, చుట్టాల్సిన పొడవు 60 సెంటీమీటర్లు, 2 అంగుళాల ర్యాప్ అనుకుందాం. ఒక్కో చుట్టు మీద 6 మిల్లీమీటర్లు ఎక్కిస్తే సుమారు 14 చుట్లు, అంటే దాదాపు 1.8 మీటర్లు. మొదట్లో, చివర్లో వేసే అదనపు చుట్లు కలిపితే రెండు మీటర్ల పైచిలుకు. 5 మీటర్ల రోలు కొంటే బోలెడు మిగులుతుంది. 15 మీటర్లది అంటగడితే తీసుకోకండి.

7. పైపు విప్పండి. బండి మీదే చుట్టేయొచ్చని చాలామంది చెప్తారు. వెనక వైపు చెయ్యి పట్టదు, చుట్టు వదులవుతుంది. ముందు రోజు సాయంత్రమే స్టడ్లకు (పైపుని ఇంజిన్‌కి పట్టి ఉంచే బోల్టులకు) తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే నట్లు విప్పాలి. బలవంతం చేస్తే స్టడ్ విరుగుతుంది, అప్పుడు ఖర్చు ర్యాప్ కంటే ఎక్కువ అవుతుంది.

8. శుభ్రం చేయండి. వైర్ బ్రష్, ఎమరీ కాగితంతో తుప్పంతా తీయండి. మంచినీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్‌తో తుడవండి. మామూలు ఇనుము అయితే ఇక్కడ హై టెంపరేచర్ పెయింటు రెండు పలచని కోట్లు వేసి ఆరనివ్వండి. ర్యాప్ కింద ఆ పెయింటే కాస్త అడ్డు.

9. గ్లాస్ ఫైబర్ ర్యాప్‌ని నీళ్లలో నానబెట్టి పిండండి. తడిగా ఉంటే బాగా వంగుతుంది, ముళ్ల లాంటి నూగు గాల్లోకి లేవదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో మంచినీళ్లే వాడండి. లావా రాయి రకాన్ని ప్యాకెట్ మీద రాసినట్టు చేయండి, చాలావాటిని పొడిగానే చుట్టొచ్చు.

10. కింది నుంచి పైకి చుట్టండి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పెంకుటిల్లు కప్పేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పేరుస్తారు కదా, పై పెంకు కింది పెంకు మీదకు వస్తుంది, వాన జారిపోతుంది. అలాగే సైలెన్సర్ వైపు మొదలుపెట్టి ఇంజిన్ వైపుకి రండి. పైనుంచి మొదలుపెడితే ప్రతి మడతా నోరు తెరిచి ముందు చక్రం చిమ్మే బురదనంతా లోపలికి తీసుకుంటుంది.

మొదట ఒకే చోట రెండు చుట్లు వేసి స్టీల్ టై బిగించండి. తర్వాత ఒక్కో చుట్టూ ముందుదాని మీద 6 మిల్లీమీటర్లు ఎక్కాలి. సగానికి సగం ఎక్కించడం ఇంకో తప్పు. దానివల్ల మందం రెట్టింపై పైపు మరీ ఎక్కువ వేడెక్కుతుంది, తేమ ఆరడానికి కూడా సమయం పడుతుంది. వంపు దగ్గర లోపలి వైపు మడతలు దగ్గరగా, బయటి వైపు దూరంగా వస్తాయి. బయటి వైపు సందు పడకుండా చూసుకుంటే చాలు.

11. సెన్సర్, దాని వైరు, నట్లు, క్లాంపులు, స్లిప్ జాయింట్ (ఒక పైపు ఇంకోదానిలోకి దూరేచోటు) బయటే ఉంచండి. చివర కూడా స్టీల్ టై బిగించి, మిగిలిన కొసను మడిచి కత్తిరించండి. జీఐ తీగ వాడకండి. దాని మీదున్న జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ప్లాస్టిక్ టైల సంగతి చెప్పనక్కర్లేదు.

12. కొత్త ప్యాకింగ్ వేసి బిగించండి. బయట, గాలి ఆడేచోట స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచండి. పొగ, వాసన వస్తాయి. కంగారు పడొద్దు. నేతలోని జిగురు, నీరు పోతున్నాయి. రెండు మూడు సార్లు బండి తిరిగాక కూడా పొగ ఆగకపోతే మాత్రం ఆయిల్ కారుతోందేమో చూడండి. ర్యాప్ పూర్తిగా ఆరాక హై టెంపరేచర్ సిలికాన్ స్ప్రే కొడితే నీళ్లు కొంత తక్కువ పీలుస్తుంది. అంతటితో ఉప్పు గాలి బెడద తీరిందనుకోకండి.

చుట్టాక బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపు అటు పెట్టనివ్వకండి. వానలో తడిసి వస్తే వెంటనే ఆపేయకుండా, పైపు ఆరేదాకా తోలి పార్క్ చేయండి. ఇక్కడ అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. అది గడిచాక డిసెంబరులో కింది వంపు దగ్గర టై విప్పి ఒక జానెడు మేర తెరిచి చూడండి. నీళ్లు చేరేది అక్కడే, పైపు పోయేదీ అక్కడే.

పూత వేయించాలనుకుంటే

13. ముందు మీరు అడిగేదీ షాపువాళ్లు చేసేదీ ఒకటేనా చూసుకోండి. 'సిరామిక్ కోటింగ్' అన్న బోర్డు మన ఊళ్లో ప్రతి కార్ డీటెయిలింగ్ షాపు ముందూ ఉంది. అది కారు పెయింటు మెరవడానికి రుద్దే ద్రవం. ఎగ్జాస్ట్ వేడికీ దానికీ సంబంధం లేదు. పౌడర్ కోటింగ్‌ని కూడా ఇదే పేరుతో అంటగడుతుంటారు. అది 200 డిగ్రీల దగ్గర కరిగించి అంటించే ప్లాస్టిక్ పొడి. బెండ్ పైపు మీద మాడి ఊడిపోతుంది. స్ప్రే డబ్బాలో వచ్చే హీట్ ప్రూఫ్ పెయింటు తుప్పు ఆపడానికి పనికొస్తుంది, వేడిని పెద్దగా ఆపదు.

14. షాపులో ఇవి అడగండి. పూత పేరేంటి, ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది, కంపెనీ ఇచ్చిన కాగితం చూపిస్తారా? బ్లాస్టింగ్ (గరుకు పొడిని గాలితో కొట్టి పైపుని శుభ్రం చేయడం) దేంతో చేస్తారు? అల్యూమినియం ఆక్సైడ్ అంటే మంచి సమాధానం. క్రోమ్ ఉంటే తీసేస్తారా? నున్నటి క్రోమ్ మీద పూత పట్టదు. ఓవెన్‌లో కాలుస్తారా, గాలికి ఆరే రకమా? లోపలి వైపు కూడా ఎంత దూరం కొడతారు? ఈ ప్రశ్నలకు విసుక్కునే షాపులో పైపు ఇవ్వకండి.

15. పగుళ్లు, చిల్లులు, వెల్డింగ్ పనులు ముందే పూర్తి చేయించండి. పూత వేశాక వెల్డింగ్ పెడితే అక్కడ పూత కాలిపోతుంది. పాత పైపులో ఆయిల్, మసి ఇంకి ఉంటాయి కాబట్టి బ్లాస్టింగ్‌కి ముందు ఓవెన్‌లో ఒకసారి కాల్చి వదిలించమనండి. అలా చేయకపోతే తర్వాత బుడగలు లేస్తాయి.

16. తీసుకునేటప్పుడు వెలుతురులో చూడండి. వంపు లోపలి వైపు, ఫ్లాంజ్ (ఇంజిన్‌కి బిగించే పళ్లెం) మూలలు, వెల్డింగ్ గీత పక్కన లోహం కనిపించకూడదు. గోరుతో గీస్తే పెచ్చు లేవకూడదు. పూత మందం 25 నుంచి 50 మైక్రాన్లే, వెంట్రుక కంటే సన్నం. అందుకే బిగించేటప్పుడు స్పానర్ జారినా గీత పడుతుంది. బిగించే ముందు చేతి జిడ్డు తుడిచేయండి. వేడెక్కాక వేలిముద్రలు మచ్చలుగా నిలిచిపోతాయి.

17. గాలికి ఆరే రకమైతే షాపువాళ్లు చెప్పినన్ని రోజులు ఆగండి. ఆత్రపడి మర్నాడే బీచ్ రోడ్డుకి తీయకండి. మొదటిసారి పది నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత మెల్లగా తోలండి. ఇంజిన్ కొత్తగా బోరింగ్ చేయించి ఉంటే, ట్యూనింగ్ కుదిరేదాకా పాత పైపుతోనే నడపండి. ట్యూనింగ్ సరిగా లేని ఇంజిన్ పైపుని ఎర్రగా కాల్చగలదు, కొత్త పూత దాన్ని తట్టుకోలేదు.

పూత మీద ర్యాప్ కూడా చుట్టొచ్చా అని అడుగుతారు. పూత వేసినవారు రాసి ఇస్తేనే చుట్టండి. వెండి రంగులో మెరిసే పూతలు కొన్ని 700 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. పైన ర్యాప్ ఉంటే ఆ గీత దాటడం సులువు.

పని జరిగిందో లేదో ఎలా చూడాలి

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే పైపుని కొలిస్తే అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. ర్యాప్ మీద మాత్రం దాదాపు సరిగా చూపిస్తుంది. కాబట్టి ముందు, తర్వాత అంకెలు పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది. ర్యాప్ పనికిరాలేదని వాపోయినవారిలో కొందరు చేసిన పొరపాటు ఇదే. పని మొదలుపెట్టకముందే పైపు మీద రూపాయి బిళ్లంత మ్యాట్ నలుపు చుక్క వేసి, దాని మీదే కొలవండి. పూత వేశాక అక్కడే మళ్లీ చుక్క వేసి కొలవండి.

పైపు కంటే ముఖ్యమైనది మీ కాలు ఉండేచోటు. ఫుట్‌రెస్ట్ పైన, పిక్క ఎత్తులో మల్టీమీటర్ ప్రోబ్‌ని ఒక పుల్లకు కట్టి ఉంచండి. ఒకే దారి, ఒకే సమయం ఎంచుకోండి. ఉదాహరణకు మధ్యాహ్నం మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా తోలి, ఆపి, ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూడండి. పైపు చుక్క, పక్కనున్న ఇంజిన్ కవర్, పిక్క దగ్గర గాలి, ఆ రోజు ఎండ, ఈ నాలుగూ రాసుకోండి. ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు చేస్తే నమ్మదగ్గ లెక్క వస్తుంది.

పిక్క దగ్గర అంకె తగ్గి, ఇంజిన్ కవర్ దగ్గర పెరగకపోతే పని బాగా జరిగినట్టు. రెండూ తగ్గకపోతే మళ్లీ మొదటి అడుగుకి వెళ్లి ప్యాకింగ్ చూడండి. ఏది చేయించినా పైపు ముట్టుకునేంత చల్లబడదు. పిల్లలను వెనకనుంచి దింపేటప్పుడు ఎప్పటిలాగే ఎడమ వైపే దింపండి.

ర్యాప్ చుట్టినవారికి ఒక అదనపు పరీక్ష. నెలకోసారి బండి చల్లగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో కింది వంపు మీద మెల్లగా తట్టండి. గట్టి చప్పుడు రావాలి. బొంగురుగా వినిపించినా, ర్యాప్ మీద గోధుమ రంగు మరక పైకి తేలినా డిసెంబరు దాకా ఆగకండి. ఆ ఆదివారమే విప్పేయండి.